డ్రైవర్ మెసేజ్‌కి ఏ లాగ్ లెవల్ ఇవ్వాలి? అన్నీ ఎర్రర్‌లో పెడితే ఏమవుతుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఐ2సి బస్ (బోర్డులో చిప్‌ల మధ్య డేటా పంపే రెండు తీగల దారి) మీద ఉండే ఒక టెంపరేచర్ సెన్సర్‌కి లినక్స్ డ్రైవర్ రాస్తున్నారు. కెర్నల్‌లో ఎనిమిది లాగ్ లెవల్స్ (మెసేజ్ ఎంత తీవ్రమైనదో చెప్పే మెట్లు) ఉన్నాయి, ఏ మెసేజ్‌ని ఎందులో పెట్టాలో తేలడం లేదు. "ఫీల్డ్‌లో కనపడాలంటే అన్నీ ఎర్రర్‌లోనే పెట్టు" అని మీ టీమ్ లీడ్ అంటున్నారు. సెన్సర్ పంపిన డేటాలో సీఆర్‌సీ (డేటా దారిలో చెడిందో లేదో తేల్చే చెక్ విలువ) తప్పి, వెంటనే మళ్లీ చదివితే సరిగ్గా వచ్చినప్పుడు ఏ లెవల్‌లో రాయాలో కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్తాను. అన్నీ ఎర్రర్‌లో పెట్టకండి. లెవల్ ఎంచుకునేటప్పుడు మీ కోడ్‌లో ఏ ఫంక్షన్ ఫెయిలైందో చూడడం కంటే, ఆరు నెలల తర్వాత ఆ లైను చదివే మనిషి ఏం చేయాల్సి ఉంటుందో చూడండి. ఆ మనిషికి మీ సోర్స్ కోడ్ తెలియదు. బోర్డు ముందో, సర్వర్ ముందో కూర్చుని లాగ్ చూస్తుంటాడు.

ఎర్రర్: పరికరం పనిచేయడం ఆగిపోయింది, డ్రైవర్ తనంతట తాను సరిచేయలేకపోయింది. ఎవరో ఒకరు వచ్చి చూడాలి.

వార్నింగ్: పని నడుస్తోంది, కానీ ఉండాల్సినట్టు లేదు. వేగం తగ్గించి నడుపుతున్నాం, కాలిబ్రేషన్ డేటా దొరక్క డిఫాల్ట్ విలువలు వాడుతున్నాం లాంటివి. ఇవాళే పరుగెత్తక్కర్లేదు, కానీ తెలియాలి.

ఇన్ఫో: అరుదుగా జరిగే, వాడేవాళ్లకు పనికొచ్చే మార్పు. కేబుల్ పెట్టారు, తీశారు, పోయిన పరికరం తిరిగొచ్చింది.

డీబగ్: మిగతావన్నీ. మీరు రాసే మెసేజ్‌లలో ఎక్కువ భాగం ఇక్కడికే రావాలి.

మీ సెన్సర్ విషయంలో: సీఆర్‌సీ ఒకసారి తప్పి రీట్రైలో సరిపోతే డీబగ్, దాంతోపాటు ఒక కౌంటర్. దీని గురించి కింద వివరంగా రాస్తాను. ఫంక్షన్ల పేర్లు తెలుగు లిపిలో పలికినట్టే రాస్తున్నాను, కోడ్‌లో ఎలా ఉంటాయో మీకు తెలుసు కదా.

ముందు మీ లీడ్ గారి మాట తీసుకుందాం, ఎందుకంటే ఆయన ఊరికే అనడం లేదు. చాలా ప్రొడక్ట్ బోర్డుల్లో కెర్నల్‌ని "క్వైట్" ఆప్షన్‌తో బూట్ చేస్తారు. అప్పుడు కన్సోల్ లాగ్ లెవల్ 4 అవుతుంది. అంటే 4 కంటే తక్కువ నంబర్ ఉన్నవి, 0 నుంచి 3 వరకు, మాత్రమే సీరియల్ కన్సోల్ మీద కనపడతాయి. ఎర్రర్ నంబర్ 3, వార్నింగ్ 4. అందుకే ఎర్రర్ కనపడుతుంది, వార్నింగ్ కనపడదు. ఆయన చూసింది నిజమే. కానీ కన్సోల్ అనేది ఒక జల్లెడ మాత్రమే. వార్నింగ్, నోటీస్, ఇన్ఫో కూడా కెర్నల్ రింగ్ బఫర్‌లో (మెమరీలో ఉండే, నిండితే పాతవి చెరిపి కొత్తవి రాసుకునే లాగ్‌లో) చేరుతూనే ఉంటాయి. డీమెసెజ్ కమాండ్ కొడితే కనపడతాయి, జర్నల్ (సిస్టమ్ లాగ్‌లన్నీ ఒకచోట చేర్చే సర్వీస్) నడుస్తుంటే అందులోకీ వెళ్తాయి. ఫీల్డ్‌లో కన్సోల్ మీద ఇంకా ఎక్కువ కావాలంటే క్వైట్ తీసేసి కన్సోల్ లెవల్ పెంచాలి. అది బోర్డు కాన్ఫిగరేషన్‌లో చేయాల్సిన పని. దానికోసం డ్రైవర్‌లో ప్రతి మెసేజ్ తీవ్రతనూ మార్చేస్తే నష్టం వేరే చోట తేలుతుంది.

ఆ నష్టానికి నేను చూసిన ఒక ఉదాహరణ చెప్తాను. మేం బోర్డులు సరఫరా చేసిన ఒక కస్టమర్ దగ్గర రోజూ రాత్రి ఆటోమేటిక్ టెస్ట్ నడిచేది. బూట్ అయ్యాక జర్నల్‌లో ఎర్రర్ లెవల్ కెర్నల్ లైను ఒక్కటి కూడా ఉండకూడదన్నది షరతు. మంచి షరతే. అందులో వేరే సప్లయర్ ఇచ్చిన కెమెరా డ్రైవర్ ఒకటుండేది. బూట్‌లో దాని వంతు వచ్చేసరికి పవర్ ఇచ్చే రెగ్యులేటర్ డ్రైవర్ ఇంకా లోడ్ అయ్యేది కాదు. అందుకని "రెగ్యులేటర్ దొరకలేదు" అని రెండు మూడు సార్లు ఎర్రర్ కొట్టి, ఆ తర్వాత మామూలుగా పనిచేసేది. టెస్ట్ టీమ్ విసిగిపోయి ఆ లైనుని మినహాయింపుల లిస్టులో పెట్టేసింది. కొన్నాళ్లకు ఒక బ్యాచ్ బోర్డుల్లో డివైస్ ట్రీ (బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నల్‌కి చెప్పే వివరణ) మార్పు వల్ల రెగ్యులేటర్ నిజంగానే దొరక్కుండా పోయింది. వచ్చిన మెసేజ్ అదే లైను. టెస్ట్ దాన్ని పట్టించుకోలేదు, బోర్డులు షిప్ అయిపోయాయి. అబద్ధపు ఎర్రర్లతో అసలు ప్రమాదం ఇదే. జనం వాటిని దాటేసి చదవడం అలవాటు చేసుకుంటారు, నిజమైన ఎర్రర్ వచ్చినా అదే అలవాటు కొనసాగుతుంది.

ఈ సమస్యకు కెర్నల్‌లోనే మందు ఉంది. 2020లో వచ్చిన 5.9 వెర్షన్ నుంచి డెవ్_ఎర్_ప్రోబ్ అనే ఫంక్షన్ ఉంది. ప్రోబ్‌లో (పరికరం దొరికినప్పుడు దాన్ని సిద్ధం చేయడానికి కెర్నల్ పిలిచే డ్రైవర్ ఫంక్షన్‌లో) రెగ్యులేటర్, క్లాక్, రీసెట్, జీపీఐఓ ఏది అడిగినా, ఫెయిలైతే దీంతోనే రిపోర్ట్ చేయండి. ఎర్రర్ కోడ్ ఈప్రోబ్_డిఫర్ (మైనస్ 517) అయితే, అంటే "నాకు కావలసింది ఇంకా రాలేదు, తర్వాత మళ్లీ పిలవండి" అయితే, మెసేజ్ డీబగ్ లెవల్‌కి పోతుంది. పైగా కారణాన్ని కెర్నల్ గుర్తుపెట్టుకుంటుంది, డీబగ్ ఎఫ్‌ఎస్‌లో (డీబగ్ వివరాలను ఫైళ్లలా చూపించే కెర్నల్ ఫైల్ సిస్టమ్‌లో) "డివైసెస్_డిఫర్డ్" అనే ఫైలు తెరిస్తే ఏ పరికరం దేనికోసం ఆగిపోయిందో తెలుస్తుంది. కోడ్ వేరేదైతే సాధారణంగా ఎర్రర్‌గా ప్రింట్ అవుతుంది. అదే కోడ్‌ని రిటర్న్ కూడా చేస్తుంది కాబట్టి రెండు మూడు లైన్ల కోడ్ ఒక లైను అవుతుంది.

ప్రోబ్ గురించే ఇంకో మాట. కొన్ని చోట్ల మీరు అసలు ఏమీ ప్రింట్ చేయక్కర్లేదు. మెమరీ అడిగితే దొరక్కపోయినప్పుడు కెర్నల్ తానే స్టాక్ ట్రేస్‌తో సహా పెద్ద రిపోర్ట్ ఇస్తుంది. మీరు "మెమరీ లేదు" అని రాస్తే కెర్నల్ ప్యాచ్‌లను తనిఖీ చేసే చెక్‌ప్యాచ్ స్క్రిప్టే అనవసరం అంటుంది. 5.4 నుంచి ఇంటరప్ట్ నంబర్ తెచ్చిచ్చే ప్లాట్‌ఫామ్_గెట్_ఐఆర్‌క్యూ కూడా ఫెయిలైతే తానే ఎర్రర్ రాస్తుంది. ఒకే తప్పుకు రెండు ఎర్రర్ లైన్లుంటే చదివేవాళ్లు రెండు తప్పులనుకుంటారు. ప్రోబ్ విజయవంతంగా అయిపోయినప్పుడు "ఫలానా డ్రైవర్ వెర్షన్ 1.2 లోడ్ అయింది" అని బ్యానర్ వేయడం చాలామందికి సరదా. దయచేసి వద్దు. అన్నీ బాగున్నప్పుడు డ్రైవర్ మౌనంగా ఉండాలన్నది కెర్నల్ రివ్యూల్లో పదే పదే వినే మాట. పరికరం వచ్చిందో లేదో సిస్‌ఎఫ్‌ఎస్ (పరికరాలను, వాటి సెట్టింగ్స్‌ని ఫైళ్లలా చూపించే చోటు) చూస్తే తెలుస్తుంది.

పై మూడు లెవల్స్, అంటే ఎమర్జెన్సీ (0), అలర్ట్ (1), క్రిటికల్ (2), మామూలు డ్రైవర్ రాసేవాళ్లవి కావు. ఈ ఎనిమిది మెట్లు కెర్నల్ కోసం పుట్టినవి కావు. 1980లలో బర్కిలీలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్‌తో పాటు రాసిన సిస్‌లాగ్ నుంచి వచ్చాయి. 2009లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5424 స్టాండర్డ్‌లోనూ ఇవే ఉన్నాయి. అందులో ఎమర్జెన్సీ అంటే మొత్తం సిస్టమ్ వాడలేని స్థితి. మీ సెన్సర్ చచ్చిపోయినంత మాత్రాన సిస్టమ్ చచ్చిపోయినట్టు కాదు కదా. కెర్నల్‌లో ఎమర్జెన్సీని సరిగ్గా వాడిన చోటు చూడాలంటే హార్డ్‌వేర్ ప్రొటెక్షన్ షట్‌డౌన్ కోడ్ చూడండి. వేడి హద్దు దాటి మెషిన్‌ని ఆపేస్తున్నప్పుడు అది ఈ లెవల్ వాడుతుంది. ఇంకో పరిణామం కూడా ఉంది. చాలా సిస్టమ్స్‌లో ఆర్‌సిస్‌లాగ్, జర్నల్‌డీ డిఫాల్ట్ సెట్టింగ్స్ ప్రకారం ఎమర్జెన్సీ మెసేజ్ లాగిన్ అయిన ప్రతి ఒక్కరి టెర్మినల్ మీదా పడుతుంది. ఒక సెన్సర్ కోసం సర్వర్ మీద పనిచేసుకుంటున్న అందరినీ ఆపడం న్యాయం కాదు.

ఇప్పుడు మీ సీఆర్‌సీ విషయం. ఇది అసలు మంచి ప్రశ్న, చాలామంది ఇక్కడే తడబడతారు.

సెన్సర్ డేటా పక్కన సీఆర్‌సీ బైట్ పెట్టిందే బస్ మీద అప్పుడప్పుడూ బిట్లు చెడతాయని తెలిసి. దాన్ని పట్టుకుని మళ్లీ చదవడం డ్రైవర్ మామూలు పని. మామూలు పని జరిగినందుకు వార్నింగ్ ఎందుకు? నాండ్ ఫ్లాష్ చూడండి. అందులో బిట్ ఫ్లిప్స్ సహజం, ఈసీసీ (తప్పులు సరిదిద్దే కోడ్) సరిదిద్దుతుంది. సరిదిద్దిన ప్రతి బిట్‌కీ కెర్నల్ లాగ్ రాయదు. చెడిన బిట్ల సంఖ్య ఒక హద్దు చేరితేనే ఫ్లాష్‌ని చూసుకునే ఎంటీడీ లేయర్ ఈయూక్లీన్ అనే కోడ్ ఇస్తుంది, దాని పైన ఉన్న యూబీఐ లేయర్ ఆ డేటాని వేరే బ్లాక్‌కి మారుస్తుంది. మీరూ అదే పద్ధతి పాటించండి: సరిదిద్దుకోగలిగితే లెక్కపెట్టండి, ఆ లెక్క హద్దు దాటితే చెప్పండి.

కాబట్టి మీ డ్రైవర్‌లో నేనైతే ఇలా పెడతాను. ఒకసారి తప్పి రీట్రైలో సరిపోతే డీబగ్ లైను, డీబగ్ ఎఫ్‌ఎస్‌లో ఒక కౌంటర్. రీట్రైలన్నీ అయిపోయి ఆ రీడింగ్ విఫలమైతే యూజర్ స్పేస్‌కి (రీడింగ్ అడిగిన ప్రోగ్రామ్‌కి) ఎర్రర్ కోడ్ వెళ్తుంది, అది తప్పనిసరి. లాగ్‌లో మాత్రం బాగున్న స్థితి నుంచి చెడిన స్థితికి మారినప్పుడు ఒక్కసారి వార్నింగ్ రాయండి. అదే స్థితి కొనసాగుతున్నంతసేపు మౌనం. తిరిగి రీడింగ్ రావడం మొదలైతే ఒక ఇన్ఫో లైను, మధ్యలో ఎన్ని రీడింగ్స్ పోయాయో అందులో చెప్పండి. రీసెట్ చేసినా లేవక, పరికరం పోయిందని డ్రైవర్ నిర్ణయించుకుంటే అప్పుడు ఎర్రర్. దీనికోసం స్ట్రక్చర్‌లో ఒక బూలియన్, ఒక లెక్క ఉంటే చాలు. ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. ఆ సెన్సర్ రీడింగ్ మీద ఆధారపడి ఫ్యాన్ తిరగడమో, వేడెక్కితే బోర్డు ఆగడమో ఉంటే రీడింగ్ రాకపోవడం వేడి మీద అదుపు పోవడమే. అప్పుడు మొదటి వైఫల్యానికే ఎర్రర్ ఇవ్వండి. ఒకే చిప్, ఒకే వైఫల్యం, కానీ దేనికి వాడుతున్నారన్నదాన్ని బట్టి తీవ్రత మారుతుంది.

మార్పు జరిగినప్పుడే రాయమని ఎందుకు పట్టుబడుతున్నానంటే, రింగ్ బఫర్ చిన్నది. కెర్నల్ డిఫాల్ట్ 128 కేబీ. లైను 100 అక్షరాలనుకుంటే దాదాపు 1300 లైన్లు పడతాయి. సెకనుకు 10 సార్లు చదివే డ్రైవర్ ప్రతి ఫెయిల్యూర్‌కీ ఒక లైను రాస్తే రెండు నిమిషాల పైచిలుకులో అంతకుముందున్నదంతా చెరిగిపోతుంది. ఒక గేట్‌వే బోర్డు విషయంలో సరిగ్గా ఇదే జరగడం చూశాను. ఫ్లాష్ అరిగిపోతుందని జర్నల్‌ని డిస్క్ మీద రాయకుండా ఆపేశారు, ఉన్నది రింగ్ బఫర్ ఒక్కటే. ఫీల్డ్ నుంచి వచ్చిన ప్రతి డంప్‌లోనూ మొదటి నుంచి చివరిదాకా ఐ2సి టైమౌట్ ఎర్రర్లే. బస్ కంట్రోలర్‌ని, పుల్-అప్ రెసిస్టర్లని అనుమానించి చాలా కాలం పోయింది. చివరికి ల్యాబ్‌లో మళ్లీ తెప్పించి పట్టుకుంటే, మొట్టమొదట పవర్ చిప్ డ్రైవర్ ఓవర్ కరెంట్ అని ఒకే ఒక్క లైను రాసి ఆ పవర్ లైన్ (రైల్) ఆపేసిందని తేలింది. ఆ తర్వాత వచ్చిన టైమౌట్ల వరదలో ఆ లైను కొట్టుకుపోయింది. అసలు కారణం చెప్పే మెసేజ్ ఎప్పుడూ ఒక్కసారే వస్తుంది, మీ డ్రైవర్ అరుపులు దాన్ని తుడిచేయకూడదు.

సీరియల్ కన్సోల్ ఖర్చు కూడా లెక్కలోకి తీసుకోండి. 115200 బాడ్ దగ్గర అక్షరానికి 10 బిట్లు పోతే సెకనుకు 11,520 అక్షరాలు. 80 అక్షరాల లైనుకి దాదాపు 7 మిల్లీసెకన్లు. చాలా బోర్డుల్లో ఉన్న కెర్నల్స్‌లో ప్రింట్ పిలిచిన సీపీయూనే కూర్చుని ఆ అక్షరాలు పంపాలి. ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో ఎర్రర్ లెవల్ లైన్లు వరసగా పడితే మిగతా పనులన్నీ ఆగుతాయి, కొన్నిసార్లు వాచ్‌డాగ్ (సిస్టమ్ స్తంభిస్తే రీసెట్ చేసే టైమర్) రీసెట్ దాకా వెళ్తుంది. ప్రింటింగ్‌ని వేరే థ్రెడ్‌కి మార్చే పని కొత్త కెర్నల్స్‌లో జరుగుతోంది కానీ మీ బోర్డులో ఉన్నది ఏ వెర్షనో చూసుకోండి.

రేట్‌లిమిట్ (మెసేజ్‌ల వేగానికి హద్దు పెట్టడం) వాడితే సరిపోదా అంటారేమో. డెవ్_ఎర్_రేట్‌లిమిటెడ్ డిఫాల్ట్‌గా 5 సెకన్లలో 10 మెసేజ్‌లు వదులుతుంది, మిగతావి ఆపి తర్వాత ఎన్ని ఆపిందో చెబుతుంది. వరద ఆగుతుంది గానీ ధార ఆగదు. 5 సెకన్లకు 10 అంటే సగటున సెకనుకు 2, పై లెక్క ప్రకారం పది పన్నెండు నిమిషాల్లో బఫర్ మళ్లీ నిండుతుంది. ఇంకో చిక్కు: రేట్‌లిమిట్ గానీ, "ఒక్కసారే" అనే వన్స్ రకం గానీ కోడ్‌లోని ఆ లైనుకి లెక్కపెడతాయి, పరికరానికి కాదు. మీ బోర్డులో అదే సెన్సర్ రెండు చోట్ల ఉంటే, మొదటిది తన మెసేజ్ ఇచ్చేశాక వన్స్ వాడిన చోట రెండోదాని గురించి అసలు తెలియదు. అందుకే పరికరానికి విడిగా స్థితి గుర్తుపెట్టుకోవడం మంచిది. రేట్‌లిమిట్‌ని హార్డ్‌వేర్ పిచ్చెక్కి ఇంటరప్ట్‌లు కురిపించే చోట్లకు, చివరి రక్షణగా ఉంచండి.

యూజర్ చేసిన తప్పుకి ఎర్రర్ కొట్టకండి. సిస్‌ఎఫ్‌ఎస్‌లో పరిధి దాటిన విలువ రాస్తే ఈఇన్‌వాల్ (విలువ చెల్లదన్న ఎర్రర్ కోడ్) తిప్పి పంపండి, కావాలంటే డీబగ్ లైను పెట్టండి. లేకపోతే ఒక చిన్న షెల్ లూప్‌తో ఎవరైనా మీ లాగ్ నింపేయగలరు. ఐ2సి కంట్రోలర్ డ్రైవర్లలోనూ ఇలాంటిదే చూస్తాం. ఒక అడ్రస్ నుంచి ఏక్ (అందిందన్న సంకేతం) రాకపోతే ఈఎన్‌ఎక్స్‌ఐఓ అనే ఎర్రర్ కోడ్ ఇవ్వాలి. బస్ మీద ఏ పరికరాలున్నాయో వెతికే ఐ2సి డిటెక్ట్ నడిపినప్పుడు బస్ మీద ఖాళీ అడ్రస్‌లన్నీ అలాగే జవాబివ్వవు. దాన్ని కంట్రోలర్ ఎర్రర్‌గా రాస్తే ఒక్క స్కాన్‌కి వంద దాకా ఎర్రర్లు పడతాయి, ఏదీ చెడిపోకుండానే. ఏక్ రాకపోవడం తప్పో కాదో తెలిసేది మీలాంటి పైన ఉన్న డ్రైవర్‌కే కాబట్టి, మెసేజ్ కూడా మీ దగ్గరే ఉండాలి.

వార్న్_ఆన్ మాక్రో గురించి మీరు అడగలేదు, కానీ కొత్తగా రాసేవాళ్లు దాన్ని పెద్ద వార్నింగ్ అనుకుంటారు కాబట్టి చెప్తున్నాను. అది లాగ్ లెవల్ కాదు. కోడ్‌లో ఎప్పటికీ జరగకూడని చోటికి మాత్రమే అది. పానిక్_ఆన్_వార్న్ పెట్టుకున్న సిస్టమ్స్‌లో అది వస్తే మెషిన్ మొత్తం పడిపోతుంది. సెన్సర్ వైర్ వదులైనందుకు అలా జరగకూడదు.

లెవల్ సరిగ్గా పెట్టినా మాట సరిగ్గా లేకపోతే ఉపయోగం లేదు. "రీడ్ ఫెయిల్డ్" అని వదిలేయకుండా ఏ రిజిస్టర్, ఏ ఎర్రర్ కోడ్, డ్రైవర్ ఇప్పుడేం చేయబోతోంది అన్నది ఒకే లైనులో పెట్టండి. డెవ్ కుటుంబపు ఫంక్షన్లు వాడితే డ్రైవర్ పేరు, బస్ నంబర్, అడ్రస్ వాటంతట అవే వస్తాయి, మీరు ఫంక్షన్ పేరు కలపక్కర్లేదు. మెసేజ్ స్ట్రింగ్‌ని 80 అక్షరాల కోసం రెండు ముక్కలు చేయకండి, సోర్స్‌లో గ్రెప్ చేస్తే (వెతికితే) దొరకాలి.

ఇక మిగిలింది మీ లీడ్ గారి అసలు అవసరం: ఫీల్డ్‌లో ఏదైనా జరిగితే వివరాలు కావాలి. దానికి డైనమిక్ డీబగ్ ఉంది. కెర్నల్‌ని ఆ ఆప్షన్‌తో బిల్డ్ చేస్తే డెవ్_డీబీజీ లైన్లన్నీ కోడ్‌లోనే ఉంటాయి, నిద్రపోతూ ఉంటాయి. కావలసినప్పుడు డీబగ్ ఎఫ్‌ఎస్‌లోని డైనమిక్_డీబగ్ కంట్రోల్ ఫైల్‌లో మీ సోర్స్ ఫైల్ పేరు, ప్లస్ పీ రాస్తే ఆ ఒక్క ఫైల్ మెసేజ్‌లే మేలుకుంటాయి. రీబూట్ అక్కర్లేదు, కొత్త బిల్డ్ అక్కర్లేదు. బూట్ సమయంలోనే కావాలంటే కెర్నల్ కమాండ్ లైన్‌లో మాడ్యూల్ పేరు పక్కన చుక్క పెట్టి డిన్‌డీబీజీ ప్లస్ పీ ఇవ్వచ్చు. ఆయనకు ఇది ఒకసారి మీ బోర్డు మీద చేసి చూపించండి. ఒప్పుకున్నాక బోర్డుని క్వైట్‌తో బూట్ చేయండి, సెన్సర్ కేబుల్ పీకండి, ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టండి, డీమెసెజ్ చూడండి. థర్మల్ అదుపు లేని బోర్డులో మీ డ్రైవర్ నుంచి ఒక వార్నింగ్, ఒక ఇన్ఫో ఉండాలి. అంతకంటే ఎక్కువ లైన్లుంటే ఆ డీమెసెజ్ ఇక్కడ పెట్టండి, ఏ లైను ఎక్కడికి వెళ్లాలో చూద్దాం.